పిల్లల చేతిలో వేరుశెనగ ముద్ద



ఈ వేసవిలో మా ఇంట జరిగిన చిన్న ముచ్చటతో మొదలుపెడతాను. మా చెల్లెలు కొడుకుని వెంటబెట్టుకుని అమెరికా నుంచి తెనాలి వచ్చింది. వాడికి అయిదేళ్ళు. ఇడ్లీ వద్దంటాడు, అట్టు వద్దంటాడు. "పీనట్ బటర్ కావాలి" అని ఒకటే పేచీ. మా వారు బజారంతా తిరిగి ఒక సీసా పట్టుకొచ్చారు. దాని ధర చూస్తే నాకు గుండె జారింది. మా అత్తయ్యగారు మూత తీసి, చెంచాతో ఇంత నాలిక మీద వేసుకుని, "ఇదేమిటే అమ్మాయ్! ఇది మన వేరుశెనగ ముద్దే గదుటే! దీనికి ఇంత డబ్బా?" అన్నారు.

మర్నాడు ఆవిడే సోలెడు గుళ్ళు దోరగా వేయించి, పొట్టు చెరిగి, రుబ్బురోట్లో వేశారు. పిల్లవాడు పరిగెత్తుకొచ్చి పొత్రం పట్టుకున్నాడు. "ముట్టుకోకురా" అనబోయి ఎందుకనో ఆవిడ ఆగిపోయారు. ముసలిచేయీ పసిచేయీ కలిసి తిప్పాయి. ముందు రవ్వ అయింది. తర్వాత పొడి అయింది. ఇంకాసేపటికి ముద్ద కట్టి, నూనె తేలి, నిగనిగలాడింది. వాడు కళ్ళింత చేసుకుని, "నూనె ఎవరు పోశారు బామ్మా?" అన్నాడు. "ఎవరూ పోయలేదురా, దాన్లోనే దాక్కుని వుంది" అన్నారావిడ. ఆ పూట వాడు రెండు చపాతీలు తిన్నాడు. సీసా అలమార్లో అలాగే వుండిపోయింది.

చూశారా! ఆ ముద్ద వెనకాల ఎంత కథ వుందో వెతుక్కుంటూ పోతే నాకే ఆశ్చర్యం వేసింది. ఆ కథే ఇవాళ మీకు చెబుదామని.

వేరుశెనగ మన తాతలనాటి పంట అనుకుంటాం. కాదు సుమండీ! మిరపకాయ, టమాటా, బంగాళాదుంప ఎక్కడివో ఇదీ అక్కడిదే. దక్షిణ అమెరికాలో బొలీవియా ప్రాంతం దీని పుట్టిల్లు. అక్కడికి పోర్చుగీసువాళ్ళూ స్పెయినువాళ్ళూ వెళ్ళాక, పదహారో శతాబ్దంలో, ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. ఏ దారిన వచ్చిందో పేర్లే చెబుతాయి. తమిళులు దీన్ని 'మణిలా కొట్టై' అనీ అంటారు, మనీలా నుంచి వచ్చిందని. బెంగాలీలు 'చీనా బాదం' అంటారు. మనం మాత్రం వచ్చిన వూరు చూడలేదు, కాసే తీరు చూసి వేరుశెనగ అని పేరుపెట్టి ఇంట్లో కలిపేసుకున్నాం.

నిజానికి ఇది వేరుకి కాయదు. మా ఆడపడుచుని బాపట్ల దగ్గర ఇసకనేలల పల్లెలో ఇచ్చారు. అక్కడ ఇసకలో గుంటలు తవ్వి, వూరిన నీళ్ళు చేలకి పోస్తారు. వాటిని దొరువులు అంటారు. నేను రేపల్లెలో పుట్టిపెరిగినదాన్ని. కాలవలూ, నల్లరేగడీ, వరిచేలూ తప్ప వేరే సేద్యం ఎరగను. మొదటిసారి ఆ ఇసకలో వేరుశెనగ చేను చూసినప్పుడు మా ఆడపడుచు ఒక మొక్క పట్టుకుని చూపించింది. పచ్చని పువ్వు పైనే పూస్తుంది. పూత రాలాక, ఆ మొదట్నుంచి సన్నని ఊడ ఒకటి కిందకి దిగి నేలలోకి దూరుతుంది. దాని చివర కాయ వూరుతుంది. గట్టినేల అయితే ఊడ దిగలేదు. ఇసక అయితే సుఖంగా దిగుతుంది, పీకితే కాయలు గలగలా వస్తాయి. బాపట్ల ఇసకకీ వేరుశెనగకీ అలా కుదిరింది జత.

పందొమ్మిదో శతాబ్దంలో మన మద్రాసు రాజధాని వేరుశెనగ పాండిచ్చేరి రేవునుంచి ఫ్రాన్సులో మార్సేల్ పట్నానికి ఓడల్లో వెళ్ళేది, నూనెకీ సబ్బులకీ. 1937లో మన దేశంలో డాల్డా వచ్చింది. దానికీ మొదట్లో ముఖ్యంగా వేరుశెనగ నూనే ఆధారం. మా అమ్మ పెరట్లో పాత డాల్డా డబ్బాలో తులసిమొక్క వుండేది. మీ ఇళ్ళల్లోనూ వుండే వుంటుంది.

ఇక ఈ 'వెన్న' సంగతి. 1884లో కెనడాలో మాంట్రియల్‌కి చెందిన ఎడ్సన్ అనే ఆయన వేరుశెనగ ముద్దకి పేటెంటు పొందాడు. 1895లో కెల్లాగ్ అనే డాక్టరుగారు, అవును, ఆ కార్న్‌ఫ్లేక్స్ కెల్లాగే, గింజల ముద్ద తయారీకి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టుకున్నారు. ఆయన శాకాహారి. ఆరోగ్యాశ్రమానికి వచ్చే రోగులకి మాంసానికి బదులు పెట్టడానికి ఇలాంటి ఆహారాలు తయారుచేశారు. ఒక్కటే చిక్కు: నాలుగురోజులు నిలవుంటే నూనె పైకి తేలిపోతుంది. 1922లో రోజ్‌ఫీల్డ్ అనే ఆయన నూనె తేలకుండా వుండే కిటుకు పట్టాడు. అదేమిటో తెలుసా? నూనెని కొంత గడ్డకట్టించి కలపడం. డాల్డా చేసే పద్ధతే! మా వారు తెచ్చిన సీసాలో నూనె ఎందుకు తేలలేదో అప్పుడర్థమైంది నాకు.

పీనట్ బటర్ కనిపెట్టింది జార్జి వాషింగ్టన్ కార్వర్ అని చాలామంది చెబుతారు. అది పొరపాటు. కానీ ఆయన చేసిన పని అంతకంటే గొప్పది. బానిస తల్లికి పుట్టిన నీగ్రో బిడ్డ ఆయన. చదువుకుని 1896లో టస్కెగీ అనే చోట నల్లవారి విద్యాలయంలో వ్యవసాయం చెప్పడానికి చేరారు. ఏటా పత్తే వేసి వేసి అక్కడి నేల చచ్చుబడింది. వేరుశెనగ వేయండి, నేలకి బలం వస్తుంది, మీకు తిండి వస్తుంది అన్నారు. 1906లో బండి మీద పనిముట్లు పెట్టించి వూరూరికీ పంపారు. బడికి రాలేని రైతు దగ్గరకి బండి మీద బడే వెళ్ళిందన్నమాట. 1916లో వేరుశెనగతో 105 రకాల వంటకాలు చిన్నపుస్తకంగా వేశారు. వంటింటి పుస్తకం కూడా పాఠ్యపుస్తకమే అని చేసి చూపించిన మనిషి.

ఇప్పుడు నాకు ఎంతో నచ్చిన సంగతి. వేరుశెనగ వెన్న భారతీయుల బడికి ఎప్పుడు వచ్చిందనుకుంటున్నారు? ఈమధ్య కాన్వెంట్లలో అనుకుంటారేమో. 1910లో! అదీ మన దేశంలో కాదు, దక్షిణాఫ్రికాలో.

గాంధీగారు అక్కడ సత్యాగ్రహం నడుపుతున్న రోజులు. మగవాళ్ళు జైళ్ళకి పోతే వాళ్ళ పెళ్ళాం బిడ్డల గతి? కాలెన్‌బాక్ అనే స్నేహితుడు జొహానెస్‌బర్గుకి 21 మైళ్ళ దూరంలో 1,100 ఎకరాల తోట వాళ్ళకోసం ఇచ్చాడు. దానికి టాల్‌స్టాయ్ ఫారం అని పేరుపెట్టారు. అక్కడ వున్నవాళ్ళని గురించి గాంధీగారే రాశారు: గుజరాతీలు, తమిళులు, ఆంధ్రదేశం వాళ్ళు, ఉత్తరాది వాళ్ళు. హిందువులు, ముస్లిములు, పార్సీలు, క్రైస్తవులు. పిల్లలు ఇరవై ముప్ఫైమంది. ఆంధ్రులు వున్నారని చదివినప్పుడు నా ఒళ్ళు పులకరించింది. ఆ పిల్లల్లో 'అమ్మా' అని పిలిచే తెలుగు పిల్ల ఒకతి వుండే వుంటుంది కాదూ?

అక్కడ గోధుమలు చేతి మరలో విసురుకుని రొట్టె చేసుకునేవాళ్ళు. గోధుమలు వేయించి కాఫీ కాచుకునేవాళ్ళు. వేరుశెనగ గుళ్ళు వేయించి విసిరి వెన్న చేసుకునేవాళ్ళు. మామూలు వెన్న ఖరీదులో నాలుగోవంతుకే అది తయారయ్యేదట! పెద్దలతోబాటు పిల్లలూ పొద్దుట పనిచేసేవాళ్ళు. మధ్యాహ్నం బడి. పొద్దున్నంతా ఒళ్ళు వంచిన పిల్లలకి పాఠంలో కునికిపాట్లు వచ్చేవి. పంతుళ్ళకీ వచ్చేవట! పిల్లల చేత ఏ పని చేయించినా పెద్దలు తామూ కలిసి చేయాలన్నది అక్కడి నియమం.

ఇంకో మాట. వంటిల్లు ఒక్కటే. మాంసం తినే అలవాటున్న ముస్లిములూ క్రైస్తవులూ వున్నారు కదా, వాళ్ళతో మాట్లాడారు. వాళ్ళంతట వాళ్ళు ఒప్పుకున్న మీదట ఒకే శాకాహారపు వంట, ఒకే పంక్తి. ముస్లిములు రంజాన్ ఉపవాసాలుంటే మిగిలినవాళ్ళూ వాళ్ళతోబాటు ఒంటిపూట తిని వున్నారు. అందరూ కలిసి తినడం కోసం తలొకరూ ఏదో కొంత వదులుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని అవసరం వస్తుంది.

గాంధీగారి బాట మన రేపల్లె ప్రాంతానికి కొత్త కాదు. కావూరులో గొల్లపూడి సీతారామశాస్త్రిగారి వినయాశ్రమం ఆ బాటలోదే. అయితే గాంధీగారిక్కూడా వేరుశెనగ ఒక పాఠం చెప్పింది సుమండీ. 1918లో గుజరాతులో తిరిగే రోజుల్లో ఆయన ముఖ్యంగా వేరుశెనగ వెన్నా నిమ్మకాయల మీదే బతికారు. మితిమీరి తిన్నానని ఆయనే ఆత్మకథలో ఒప్పుకున్నారు. విరేచనాలు పట్టుకుని చివరికి ప్రాణం మీదకి వచ్చింది. మంచిదే అయినా మితం వుండాలి.

1937లో వార్ధాలో చేతిపనితో చదువు చెప్పే పద్ధతికి, నయీ తాలీముకి, రూపం ఇచ్చారు. 1939లో మరియా మాంటిస్సోరీగారు మద్రాసు అడయారు వచ్చి మన ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చారు. 1907లో రోమునగరపు పేదపేటలో ఆవిడ తెరిచిన బడిలో పసివాళ్ళు నీళ్ళు వంచేవాళ్ళు, బల్లలు తుడిచేవాళ్ళు, వడ్డించేవాళ్ళు. ఆటలో పని, పనిలో చదువు. మన రేడియో అన్నయ్య, అక్కయ్య, న్యాయపతి రాఘవరావుగారూ కామేశ్వరిగారూ, పిల్లల్ని మైకు ముందు కూచోబెట్టి చేసిందీ ఇలాంటిదే. 'ముట్టుకోకు' అనకుండా 'నువ్వే చెయ్యి' అన్నారు.

ఇదంతా చదువుకున్న వుత్సాహంలో నేనొక పొరపాటు చేశాను. దాచకుండా చెబుతాను.

మా పేటలో ఒక పసిపిల్లల బడి వుంది. రేడియోలో మాట్లాడతానని నన్ను కథలు చెప్పమని పిలుస్తుంటారు. కథతోబాటు కాస్త పని కూడా పెడదామని బాపట్ల నుంచి వేరుశెనక్కాయలు తెప్పించి పట్టుకెళ్ళాను. ఇరవైమంది పిల్లలు. ఒలిచారు, లెక్కపెట్టారు, చెరిగారు. ముద్ద నూరి, అరటిపండు చక్రాల మీద రాసుకున్నారు. గదంతా కోలాహలం. ఇంతలో మూలన కూచున్న చిన్నపిల్ల మూతి గోక్కోవడం మొదలుపెట్టింది. చూస్తుండగానే పెదవులు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు. నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరుగారు సూది వేశారు. గండం గడిచింది. ఆ పిల్లకి వేరుశెనగ పడదు. వాళ్ళమ్మకి తెలుసు. కానీ ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. అడగవలసినదాన్ని నేనే. ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు, "ఒక్కసారి అడిగివుంటే బావుండేదండీ" అంది, అంతే. ఆ మాట నెలరోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

'మన దేశంలో ఇలాంటివి ఎక్కడున్నాయి, అవన్నీ అమెరికా రోగాలు' అనుకునేదాన్ని. మా చెల్లెలి కొడుకు చదివే బడిలో వేరుశెనగ తీసుకురావద్దని ముందే చీటీ పంపుతారట. పీనట్ బటర్‌ని పిల్లల తిండిగా ప్రపంచానికి నేర్పిన దేశంలో చాలా బడులు దాన్ని గుమ్మంలోనే ఆపుతున్నాయి! అయితే దీన్ని పూర్తిగా దూరం పెట్టడమే మందా అంటే అదీ కాదు. 2015లో లండను వైద్యులు ఒక పరిశోధన ఫలితాలు ప్రకటించారు. ఈ ప్రమాదం ఎక్కువగా వుండే 640 మంది చంటిపిల్లల్లో కొందరికి తొలి ఏడాదిలోనే వేరుశెనగ రుచి చూపించి, కొందరికి అయిదేళ్ళదాకా తగలనివ్వలేదు. చిన్నప్పటినుంచీ తిన్నవాళ్ళలోనే ఈ పడకపోవడం బాగా తక్కువగా కనబడింది. అంతమాత్రాన మనం ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు. ఒకసారి పడలేదని తేలిన పిల్లకి డాక్టరు మాటే వేదం.

నేనింక బడికి వెళ్ళను అన్నాను. మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "నిప్పు కాల్చిందని పొయ్యి మానేస్తామా? అడిగి చెయ్యి" అన్నారు. ఆవిడ చదివింది అయిదో తరగతి. ఆ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు.

రెండోసారి వెళ్ళేముందు ప్రతి తల్లికీ చీటీ పంపాం: మీ బిడ్డకి పడనిదేమిటి, మీ ఇంట తిననిదేమిటి అని. ఆ పిల్లని ఆ పూటకి వేరే గదిలో కూచోబెడదామన్నారు ఒక టీచరమ్మ. అప్పుడు నాకు టాల్‌స్టాయ్ ఫారంలో ఒకే పొయ్యి గుర్తొచ్చింది. ఒక్క పిల్లని వెలివేసి నేర్పే పాఠం ఏమి పాఠం? ఆ తరగతి మొత్తానికి వేరుశెనగ మానేశాం. అటుకులు, బెల్లం, అరటిపండు పెట్టాం. రోలు శుభ్రంగా కొత్తది తెప్పించాం. మొదట రోకలి పట్టుకున్నది ఆ పిల్లే. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

వేరుశెనగ అందరికీ పడే పక్క తరగతిలో మాత్రం వేరుశెనగతోనే చేశాం. మీరూ ఇంట్లోగాని, మీ పిల్లల బడిలోగాని చేయిస్తారని వివరంగా చెబుతాను.

ముందు ఒలవడం. ఒంటిగుళ్ళ కాయలు, రెండుగుళ్ళవి, మూడుగుళ్ళవి వేరువేరు కుప్పలు పోయించండి. కూడికలు వాటంతట అవే వస్తాయి. వేయించడం పెద్దవాళ్ళ పని. పిల్లలు దూరంగా కళ్ళు మూసుకుని వాసన పట్టి, ఎప్పుడు మారిందో చెప్పాలి. చల్లారాక నలిపి చిన్న చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది, గుళ్ళు నిలుస్తాయి. బరువేదో తేలికేదో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? తర్వాత నూరడం. రవ్వ, పొడి, ముద్ద, నూనె, ఒక్కో దశలో ఆపి చూపించండి. ఒక గిన్నెడు ముద్దకి అరగిన్నె బెల్లం తురుమూ, చేతికి అంటకుండా వుండేటంత అటుకుల పొడీ కలిపితే బంకమన్నులాగా వస్తుంది. దానితో పిచ్చుకనో, ఎద్దుబండినో, రేపల్లె రైలుబండినో చేసుకుంటారు. చేసిందాన్ని తినేస్తారు. చివరగా ఒక పచ్చి గుండు కొబ్బరిచిప్పలో ఇసక పోసి నాటించండి. వారం తిరక్కుండా మొలక తలెత్తుతుంది.

రెండు జాగ్రత్తలు. అయిదేళ్ళలోపు పిల్లలకి గుళ్ళు గుళ్ళుగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. ముద్ద కూడా పల్చగా రాసే పెట్టండి. రెండోది, బూజుపట్టినవీ, ముడుచుకున్నవీ, చేదెక్కినవీ నిర్మొగమాటంగా పారేయండి. వేయిస్తే సరిపోతుందనుకోకండి. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీకోడి పిల్లలు చచ్చిపోయాయి. బూజుపట్టిన వేరుశెనగపిండి దాణా వల్లనని తేలింది. ఆ బూజు విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు.

ఇక బలం సంగతి. నూరు గ్రాముల గుళ్ళల్లో 25 గ్రాముల మాంసకృత్తులు, 40 గ్రాముల కొవ్వు వున్నాయి. చిక్కిపోయిన పిల్లల కోసం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఒక పొడి చెప్పారు: వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శెనగపప్పు 16, వేరుశెనగ 10, బెల్లం 20. అంతా కలిపి 330 క్యాలరీలు. ఏ సీసాలోనూ లేని బలం మన డబ్బాల్లోనే వుంది. 2020లో మన రాష్ట్రం బడి భోజనంలో వేరుశెనగ చిక్కీ చేర్చినప్పుడు మా అత్తయ్యగారు, "ఇప్పటికి తెలిసింది!" అన్నారు.

మా చెల్లెలి కొడుకు తిరిగి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు పెట్టెలో బామ్మ ఇచ్చిన ముద్ద సీసా ఒకటి వుంది. దాన్ని బడికి తీసుకెళ్ళకూడదని వాడికి వాడే చెప్పుకున్నాడు, "మా క్లాసులో ఒకబ్బాయికి పడదు బామ్మా, ఇంట్లోనే తింటా" అని. అయిదేళ్ళవాడికి తెలిసిన ఆ సంగతి నాకు ఇంత వయసొచ్చాక తెలిసింది.

ఈ ఆదివారం ఒక సోలెడు గుళ్ళు వేయించండి. పక్కింటి పిల్లల్ని కూడా పిలవండి. పిలిచేముందు వాళ్ళమ్మని ఒక్కమాట అడగండి.